గుల్లదిబ్బ మీద ఎర్రగుడ్డ

పిట్టల్ని చూడ్డానికి గుల్లదిబ్బకు వచ్చే వాళ్ళెవరూ ఎర్రగుడ్డ సంగతి అడగకుండా తిరుగు పడవ ఎక్కరు. రేవులో దిగగానే ఎదురుగా ఓ సరుగుడు కర్ర కనిపిస్తుంది. రెండు నిలువుల ఎత్తుంటుంది, కొసన చిన్న కప్పీ, దాంట్లోంచి తాడు. కర్ర పక్కన ఓ చెక్క బల్ల. ఉగాది వెళ్ళిన దగ్గర్నుంచి నెల రోజులు ఆ బల్ల మీద నేను కూర్చుంటాను. అడిగిన వాళ్ళకు కథ చెప్పడం నా పని. ఇష్టపడి ఎంచుకున్న పని కాదు. అందుకే ముందుగానే ఓ మాట చెప్పేస్తున్నాను: ఈ కథలో నేను మంచివాణ్ణి కాను. మధ్యలో ఎక్కడైనా అలా అనిపిస్తే అది నా చెప్పడంలోని గడుసుతనమే అనుకోండి.

నా పేరు పార్థసారథి. ఇరవై ఏళ్ళు వలస పిట్టల మీద పరిశోధనే నా బతుకుతెరువు. నా భార్య హైమవతిదీ అదే పని, అందులో నాకంటే తెలివైన మనిషి. గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసే చోట, మడ చెట్లకు అవతల ఉందీ దిబ్బ. పాటుకు నీళ్ళు వెనక్కి తగ్గితే ఉత్తరపు వైపు మైలు పొడవున బురద తేలుతుంది. చలికాలమంతా ఆ బురద మీద ఉల్లంకులు మేస్తాయి. పిడికెడు పిట్ట దగ్గర్నుంచి కోడిపెట్టంత పిట్ట దాకా పది, పన్నెండు వేలు. చైత్రంలో కడుపునిండా తిని, కొవ్వు పట్టి, మంచుదేశాల్లో గుడ్లు పెట్టుకోవడానికి ఉత్తరానికి లేచిపోతాయి. ఆ లేచే ముందు వారం రోజులే చూడవలసిన వేడుక. అదే ఇసుకలో తాబేళ్ళు గుడ్లు పెట్టిన జాడలుంటాయి, అదృష్టం ఉంటే మడ కాలవల్లో నీటికుక్కలూ కనబడతాయి.

ఇక మా యంత్రం సంగతి.

వలస పిట్టకు దిక్సూచి కంట్లోనే ఉంటుంది. భూమి అయస్కాంతం ఎటు లాగుతోందో దానికి చూపుతోనే తెలుస్తుంది. కాలం వచ్చిందంటే ఆ ఉత్తర దిక్కు దాన్ని నిలవనివ్వదు. తిండి మానేస్తుంది, మెడ చాస్తుంది, పక్కదాన్ని తోస్తుంది. ఓ సన్నటి రేడియో తరంగంతో కంటిలోని ఆ దిక్కును కాసేపు మసకబార్చవచ్చని హైమ కనిపెట్టింది. మొదటిసారి ప్రయోగశాలలో మీట నొక్కిన రోజు నాకు బాగా గుర్తు. పంజరంలో ఉన్న ఉల్లంకి అంతవరకూ ఉత్తరం వైపు ఊచలకేసి కొట్టుకుంటోంది. మీట నొక్కగానే ఆగింది. రెక్కలు సర్దుకుంది. వెనక్కి తిరిగి గిన్నెలో పురుగులు ఏరుకుని తినసాగింది. ఇంటికి చేరుకున్నట్టే ఉంది దాని వాలకం. హైమ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ కన్నీళ్ళకు కారణం ఉంది. కొండల మీద గాలిమరల రెక్కలు తగిలి ఏటా వేల పిట్టలు ముక్కలవుతున్నాయి. చెడు గాలిలో గుంపు అటు మళ్ళకుండా ఓ పూట నేల మీదే ఆపగలిగితే చాలు, అవి బతుకుతాయి. అందుకే యంత్రానికి ‘నిలుపు’ అని పేరు పెట్టాం. ఆరు గంటలకు మించి వాడకూడదని హైమ నియమం రాసిపెట్టింది. పిట్టల ప్రాణాలు కాపాడే యంత్రం అని నేను ఎన్నో సభల్లో గొంతు సవరించుకుని మరీ చెప్పాను. గుల్లదిబ్బ ఉత్తరపు కొసన రేకుల షెడ్డు వేసి, దాని నెత్తిన నిలుపు స్తంభం పాతి, బురద మీదికి మూడు కెమెరాలు తిప్పి, రెండేళ్ళు చిన్న చిన్న ప్రయోగాలు చేశాం. అన్నీ గంట, రెండు గంటలవే.

దిబ్బ మీద నూట నలభై గడప. అందరిదీ సముద్రం మీద వేటే. వాళ్ళకు పిట్టలతో పనేమిటంటే, వాతావరణం. గుంపు మేత మాని ఒక్కసారిగా లేచి, దిబ్బ చుట్టూ తిరిగి ఉత్తరానికి మళ్ళిందంటే, మర్నాటికల్లా దక్షిణపు గాలి విరుచుకుపడుతుంది. పిట్టలు ఆ గాలి వస్తోందని ముందే పసిగట్టి, దాని తోపు మీదే పోతాయి. వాటికి పనికొచ్చే గాలి పడవల్ని తిరగేస్తుంది. అందుకని చైత్రమాసమంతా ప్రతి సాయంత్రం ఒక మనిషి కర్ర దగ్గర కూర్చుని గుంపును చూడాలి. లేస్తే ఎర్రగుడ్డ ఎక్కించాలి. గుడ్డ ఎక్కితే మూడు రోజులు ఏ పడవా కదలదు. ఫోన్లో ఏ హెచ్చరికా రాకపోయినా సరే, ఆ గుడ్డ మాటే మాట.

ఆ మనిషి నూకాలమ్మ. అరవై దాటాయి. వాళ్ళమ్మ తరవాత ఆ పని ఆవిడకు వచ్చింది. పొట్టి మనిషి, ఎర్రగుడ్డ ఎప్పుడూ నడుముకు చుట్టుకునే ఉంటుంది. మేం వచ్చిన కొత్తలో షెడ్డు దగ్గరకు వచ్చి కెమెరాల్ని ఎగాదిగా చూసింది.

“మీ డబ్బాకి ఎన్ని కళ్ళండీ బాబుగారూ?”

“మూడు నూకాలమ్మగారూ.”

“నాకు రెండే. అయినా నేనే ముందు సూత్తాను, సూడండి” అంది. నిజంగానే ఆ ఏడు గుంపు లేవడాన్ని మా కెమెరాకంటే పావుగంట ముందు కనిపెట్టింది.

ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. సందర్శకుల కోసం మేం అచ్చువేసిన చిన్న పుస్తకంలో ఆవిడ ఫొటో ఉంది. దాని కింద ‘స్థానికుల ఆసక్తికరమైన నమ్మకం’ అని రాసింది నేనే.

ఏటా చైత్రంలో ఒక ఆదివారం పిట్టల లెక్క. కాకినాడ నుంచీ, ఇంకా దూరం నుంచీ ముప్ఫై మంది బైనాక్యులర్లు మెళ్ళో వేసుకుని పడవలో వస్తారు. మా గురువు జోగారావు గారు వాళ్ళకు పెద్ద. రిటైరైన ప్రొఫెసరు, నోటికి అదుపు లేదు. ఈ కథ జరిగిన ఏడుకు ముందు ఏడు వాళ్ళొచ్చేసరికి గుంపు సరిగ్గా ముందు రోజు లేచిపోయింది. ఖాళీ బురద కేసి కాసేపు చూసి, “పార్థూ, మీ దిబ్బ మీద పీతలు చాలా బాగున్నాయయ్యా” అన్నారాయన. పడవ పడవంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఏడాది పొడుగునా నా ఒంట్లో ముల్లులా ఉండిపోయింది. ఓ మనిషి ప్రాణం ఖరీదు ఇంత చిన్న విషయమా అని మీరనుకోవచ్చు. ఇంత చిన్న విషయమే.

మరుసటి ఏడు గుంపులో చెంచాముక్కు ఉల్లంకి కనబడింది. పిచ్చుకంత ఉంటుంది, ముక్కు కొస మటుకు చెంచాలా చదునుగా ఉంటుంది. లోకం మొత్తం మీద కొన్ని వందలే మిగిలాయి. జోగారావు గారు యాభై ఏళ్ళు వెతికి ఒక్కసారీ చూడలేదు. ఫోన్ చేశాను.

“ఆదివారం రండి సార్. ఉంటుంది.”

“ఉంటుందని నీకెలా తెలుసయ్యా? నీ చుట్టమా?”

“ఉంటుంది సార్.”

శుక్రవారం పొద్దున నిలుపు మీట వేశాను. ఆరు గంటలకు తీసేయాలి. తీయలేదు.

శనివారం సాయంత్రం నాలుగింటికి షెడ్డులో తెర ముందు హైమ, నేను కూర్చున్నాం. ఇరవై నాలుగు పిట్టలకు గోరంత పరికరాలు కట్టాం, వాటి గుండె కొట్టుకోవడం తెర మీద గీతల్లా కనబడుతుంది. గీతలన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. బయట బురద మీద పిట్టలు మేత మానేశాయి. వేల మెడలు ఉత్తరానికి చాచి ఉన్నాయి. రెక్కలు విప్పుతున్నాయి, లేవబోయి ఆగిపోతున్నాయి.

“గాలి వస్తోందని తెలిసిపోయింది వాటికి. వెళ్ళనీ సారథీ” అంది హైమ.

“రేపు పదకొండింటిదాకా. అంతే.”

“ముప్ఫై గంటలు దాటింది. మనం రాసుకున్న నియమం మనమే...”

“ఒక్క పూట హైమా. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్ళు. మళ్ళీ చూస్తాడా?”

జోగారావు గారి వయసును అడ్డం పెట్టుకున్నాను. హైమ తెర కేసి తిరిగిపోయింది. నేను మీటను ఇంకో రెండు గీతలు పైకి తిప్పాను. తెర మీద గుండెలు నెమ్మదించాయి. బయట మెడలు కిందికి వంగాయి. పిట్టలు మళ్ళీ బురద గుచ్చుకుంటూ మేతలో పడ్డాయి.

నేను గాలి పీల్చుకుందామని కర్ర వైపు నడిచాను. నూకాలమ్మ నిలబడి ఉంది. గుడ్డ నడుము నుంచి విప్పి చేతిలో పట్టుకుని, కళ్ళు చికిలించి బురద కేసి చూస్తోంది.

“ఏటో... లేత్తాయనిపించింది. మళ్ళీ మేతకి దిగిపోయినియ్యి” అంది తనలో తను.

పక్కనే ఆవిడ మేనల్లుడు భద్రుడు వల భుజాన వేసుకుని నిలబడ్డాడు. తల్లి పోయిన దగ్గర్నుంచి ఆవిడే పెంచింది. పెళ్ళై రెండేళ్ళైంది. “ఏటత్తా, ఎల్లొచ్చా?” అన్నాడు. ఆవిడ ఇంకాసేపు చూసింది. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఏమీ అనలేదు. ఫోన్లో హెచ్చరికేమీ లేదు కదా అని లోపల సర్దిచెప్పుకున్నాను. ఆవిడ గుడ్డ మళ్ళీ నడుముకు చుట్టుకుంది.

“రేపు ఎల్లొచ్చు” అంది.

భద్రుడు నన్ను చూసి నవ్వాడు. “రేపు మీ సార్లకి సెంచాపిట్టని సూపిత్తన్నారంట గదండీ. నాకైతే ఓ కోనెం సేప దొరికితే సాలు. మీకూ ఓ ముక్క అట్టుకొత్తాలెండి.”

ఆదివారం నేను మెడలో ఈల వేసుకుని పెళ్ళిపెద్దలా తిరిగాను. ఎనిమిదింటికి పడవ వచ్చింది. పదింటికి చెంచాముక్కు పిట్ట జోగారావు గారికి ముప్ఫై అడుగుల దూరంలో మేసింది. ఆయన బురదలో మోకాళ్ళ మీద కూలబడిపోయారు. బైనాక్యులర్ అద్దాలు తడిసిపోతే చొక్కాతో తుడుచుకుంటూ చూశారు. “పార్థూ, నా కళ్ళు చల్లబడ్డాయయ్యా” అని నా చెయ్యి పట్టుకున్నారు. అంత గర్వం నేను నా పెళ్ళినాడు కూడా పడలేదు. పదకొండింటికి పడవ కదిలింది. హైమ షెడ్డులోంచి బయటికి రాలేదు.

పదకొండింటికి మీట తీసేస్తానన్నాను కదా. అందరూ పంపుతున్న ఫొటోలు చూసుకుంటూ ఒంటిగంట దాకా కూర్చున్నాను. దక్షిణాన ఆకాశం సిరా ఒలికినట్టు నల్లబడింది. అప్పుడు పరిగెత్తాను. మీట లాగేశాను.

పన్నెండు వేల పిట్టలు ఒకే క్షణంలో లేచాయి. అప్పటికి గాలి రేవులోకి వచ్చేసింది. పిట్టలు ఆ గాలిలోకే లేచాయి, ఆకుల్లా చెదిరిపోయాయి. నూకాలమ్మ వాటిని చూసి గుడిసెలోంచి పడుతూ లేస్తూ కర్ర దగ్గరికి వచ్చింది. తాడు లాగింది. గుడ్డ పైకి ఎక్కేసరికి గాలి దాన్ని నిలువునా చీల్చింది. ఒడ్డున ఆడవాళ్ళంతా అది చూశారు.

పదకొండు పడవలు వెళితే సాయంత్రానికి పది తిరిగొచ్చాయి. భద్రుడి పడవ తిరగబడింది. అతనితో వెళ్ళిన ఇద్దరూ ప్లాస్టిక్ డబ్బాలు పట్టుకుని ప్రాణాలతో ఒడ్డుకు చేరారు. అతను మూడో రోజున ఉత్తరాన ఇసుకలో దొరికాడు. అదే ఇసుకలో చచ్చిన ఉల్లంకులు వరసగా పడి ఉన్నాయి. నేను వాటిని లెక్కపెట్టాను. నాలుగు వందల పన్నెండు. లెక్కపెట్టడం అలవాటైన పని గనక చేశాను. భద్రుడి భార్య మంగ కేసి చూడ్డం అలవాటైన పని కాదు, అది మటుకు చేయలేకపోయాను.

“గాలొచ్చేక గుడ్డెగరేసింది” అన్న మాట దిబ్బ మీద పుట్టింది. మొదట ఏడుపులో ఎవరో అన్నారు. నెల తిరిగేసరికి పిల్లలు ఆటల్లో అనడం మొదలుపెట్టారు. కర్ర దగ్గరికి రావద్దని పెద్దలు నూకాలమ్మకు చెప్పారు. మంగ ఆవిడ గుమ్మం తొక్కడం మానేసింది. ఆవిడ ఎవరి మీదా కోప్పడలేదు. కళ్ళే పాడైపోయాయనుకుంది. కాకినాడ వెళ్ళి కళ్ళ డాక్టరుకు చూపించుకుంది. చూపు శుభ్రంగా ఉంది, ఈ వయసులో ఇలాంటి కళ్ళు అరుదు అన్నాడట డాక్టరు. తిరిగొచ్చి సూటిగా మా షెడ్డుకు వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది.

“బాబుగారూ, ఓ సాయం సెయ్యాలి. ఆ శనివారం మీ డబ్బా కళ్ళు బురదనే సూత్తన్నాయి గదండీ. ఆ బొమ్మ ఓసారి ఏసి సూపించండి. పిట్టలు లేవబోయి మళ్ళీ దిగినియ్యా, లేపోతే లేచి ఎల్లిపోతంటే నా కళ్ళకి ఆనలేదా? అది తెలిత్తే సాలు. తప్పు నాదైతే నాదనే ఒప్పుకుంటాను. తెలీకపోడమే నిద్దర పట్టనివ్వట్లేదు.”

ఆ వీడియో నా బల్ల మీద కంప్యూటర్‌లో ఉంది. నాలుగింటికి మెడలు లేవడం, నాలుగూ పదికి వంగిపోవడం, అంతా పగలు తీసినది, స్పష్టంగా ఉంది. అది వేసి చూపిస్తే ఆవిడ కళ్ళది తప్పు కాదని తేలుతుంది. ఆ తరవాతి ప్రశ్న, లేవబోయిన పిట్టలు ఎందుకు దిగాయని. నా నోరు నా కంటే ముందు పరిగెత్తింది.

“ఆ రోజు కెమెరా పాడైందండీ నూకాలమ్మగారూ.”

“మూడూనా?”

“మూడూనండీ.”

ఆవిడ తల ఊపింది. “మీరేం సేత్తారు లెండి, డబ్బాలు గదా” అని నన్నే ఓదార్చి వెళ్ళిపోయింది. షెడ్డు లోపల హైమ అన్నీ విని నిలబడి ఉంది. నా ముఖం కేసి చూడకుండా పక్కనుంచి బయటికి నడిచింది.

మేం కాకినాడ ఇంటికి వచ్చేశాం. రోజూ అన్నం దగ్గర హైమ ఒకే మాట అడిగేది, “చెప్పావా?” అని. నివేదిక పూర్తి కానీ అనేవాణ్ణి. మా పరిశోధన సంస్థ వాళ్ళకు చూచాయగా చెప్పి చూద్దాం అనేవాణ్ణి. యంత్రం మీద ఇన్నేళ్ళ పని, రేపు గాలిమరల దగ్గర లక్ష పిట్టల్ని కాపాడేది, ఒక్కసారిగా మట్టిలో కలుస్తుందని వాదించేవాణ్ణి. తనూ మీట వేసిన చేతికి అడ్డుపడలేదన్న సిగ్గు హైమను వెనక్కి లాగేది. నేనది చూశాను, వాడుకున్నాను కూడా. వానాకాలం దాటాక తను అడగడం మానేసింది. చలికాలం వచ్చేసరికి మా ఇంట్లో మాటలు ఉప్పు, పాలు, కరెంటు దగ్గరే ఆగిపోయాయి. రాత్రి పడుకునే ముందు రెండు గదుల్లో రెండు దీపాలు ఆర్పేవాళ్ళం.

మళ్ళీ చైత్రం వచ్చింది. స్తంభం పీకేసి సామాన్లు తెచ్చుకోవాలని ఇద్దరం దిబ్బకు వెళ్ళాం. పిట్టలు వచ్చి ఉన్నాయి. తగ్గినా వేలల్లోనే ఉన్నాయి. కర్ర దగ్గర ఎవరూ లేరు. పెద్దలు ఫోన్లనే నమ్ముకుంటున్నారు. మూడో సాయంత్రం నేను స్తంభం బోల్టులు విప్పుతుంటే వెనక అలికిడైంది. నూకాలమ్మ. ఏడాదిలో సగమైపోయింది. నడుముకు గుడ్డ లేదు.

“బాబుగారూ, ఒక్కపాలి అటు సూడండి. పిట్టలు మేత మానేసినట్టు నా కళ్ళకి అవుపడతన్నాయి. నా కళ్ళని నేను నమ్మను. మీరు సూసి సెప్పండి.”

చూశాను. మెడలన్నీ ఉత్తరానికి చాచి ఉన్నాయి. నేను చూస్తుండగానే గుంపు లేచింది. దిబ్బ చుట్టూ ఓ చుట్టు, రెండు, మూడు. రెక్కల చప్పుడు నెత్తి మీద వానలా కురిసింది. అలా ఉత్తరానికి మళ్ళిపోయింది. నూకాలమ్మ వాటిని చూడ్డం లేదు. నా ముఖమే చూస్తోంది.

“లేచినియ్యా?” అంది.

“లేచాయి.”

“అయితే మీరొచ్చి సెప్పండి. రేవులో రేపటికి సర్దుకుంటన్నారు. నేను సెప్తే ఇనరు.”

రేవుకు వెళ్ళాను. ఆవిడ పది అడుగులు వెనక నడిచింది, హైమ ఆవిడ పక్కన. ఇరవై మంది వలలు మడుస్తున్నారు, ఆడవాళ్ళు చుట్టూ ఉన్నారు. పిట్టలు లేచాయి, రేపు వెళ్ళకండి అన్నాను. చేతులు ఆగాయి. ఒక్కరు కూడా ఎదురు చెప్పలేదు. పెద్దాయన అప్పలస్వామి వల కింద పెట్టి, “మీరు సదూకున్నోరు, యంత్రాలున్నోరు. మీరు సెప్పేరు గాబట్టి ఆగుతాం” అన్నాడు.

అంతటితో సరిపోయేది. ప్రాణాలు దక్కేవి, నాకు మంచిపేరు కూడా వచ్చేది. అప్పుడు మంగ నా వెనక చూసింది. నూకాలమ్మను చూసి, “మీరు సెప్పేరు గాబట్టి. ఈవిడ సెప్తే మట్టుకు ఆగేవోళ్ళం కాదు” అంది. నూకాలమ్మ తల దించుకుంది. తిట్టు తనకు న్యాయంగా రావలసినదే అన్నట్టు, నేల చూపులు చూస్తూ నిలబడింది.

నా ఒళ్ళంతా చెప్పలేనంత సిగ్గుతో కాలిపోయింది.

“ఈవిడ తప్పు చూడలేదు” అన్నాను. “ఆ శనివారం పిట్టలు లేవబోయాయి. నేను లేవనివ్వలేదు. ఆ స్తంభంతో వాటి దిక్కు మసకబార్చి మూడు రోజులు నేల మీద పట్టి ఉంచాను. ఆదివారం వచ్చే మా వాళ్ళకు ఓ పిట్టను చూపించడానికి. ఈవిడ ‘రేపు ఎల్లొచ్చు’ అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. నాకు తెలుసు. ఏమీ అనలేదు.”

ఎవరూ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. మంగ నా దగ్గరికి వచ్చింది. కొడుతుందేమోనని ఎదురుచూశాను. “ఓ పిట్టని సూపించడానికా?” అని అడిగింది, అర్థం కానట్టు. అవునన్నాను. “ఓ పిట్టనా?” అని మళ్ళీ అడిగి, అక్కడే ఇసుకలో కూర్చుండిపోయింది.

నూకాలమ్మ తలెత్తింది. ముందు ఆవిడ ముఖం మీద వచ్చింది కోపం కాదు. వెలుగు. ఏడాదిగా మోస్తున్నదేదో దింపుకున్న మనిషిలా నిటారుగా నిలబడింది.

“అయితే లేవబోయి దిగినియ్యి. నేను సూసిందే నిజం” అంది. “నా కళ్ళు బాగానే ఉన్నాయి.”

“బాగానే ఉన్నాయండీ.”

ఆ వెలుగు అలాగే ఉండగా ఆవిడకు ఇంకోటి గుర్తొచ్చింది. నా కేసి తిరిగింది. గొంతు పెంచలేదు.

“మరి నేనొచ్చి అడిగినప్పుడు కెమేరాలు పాడైపోయినియ్యన్నారేటండీ?”

పిట్టల్ని ఆపడానికి గురువుగారి వయసు సాకు ఉంది, నోరు మూసుకోవడానికి ఫోన్ సాకు ఉంది. గుమ్మంలో నిలబడి నిద్ర పట్టట్లేదని చెప్పిన ముసలావిడకు అబద్ధం చెప్పడానికి ఏ సాకూ లేదు. భద్రుడిని చంపాలని నేను అనుకోలేదు. ఆ అబద్ధం మాత్రం కళ్ళలోకి చూస్తూ, తెలిసి తెలిసి, నా నోటితో చెప్పాను.

ఎక్కడి నుంచి తెచ్చిందో, మంగ లేచి వెళ్ళి ఓ ఎర్రగుడ్డ తెచ్చింది. కొత్తది కాదు, చీర చింపినది. నూకాలమ్మ చేతిలో పెట్టింది. ఇద్దరూ కలిసి తాడు లాగారు. మర్నాడు గాలి వచ్చింది, అంత పెద్దదేమీ కాదు, నాలుగు కొబ్బరి మట్టలు రాలాయంతే. అయినా మూడు రోజులూ ఏ పడవా కదలలేదు.

సంస్థ విచారణ జరిపింది. నా ఉద్యోగం పోయింది, యంత్రాన్ని మూలపడేశారు, కేసు ఇంకా నడుస్తోంది. దిబ్బ పెద్దలు వేరే తీర్పు చెప్పారు. పిట్టల్ని చూపించాలని సరదా పడ్డావు గనక ఏటా చైత్రంలో వచ్చి కర్ర పక్కన కూర్చో, వచ్చిన వాళ్ళకు పిట్టల్ని చూపించు, గుడ్డ సంగతి అడిగిన వాళ్ళకు ఏం చేశావో నీ నోటితోనే చెప్పు అన్నారు. ఇది నాలుగో ఏడు. హైమ కూడా వస్తుంది, పిట్టల్ని లెక్కపెడుతుంది, సాయంత్రం ఆ లెక్క నాకు చదివి వినిపిస్తుంది. చెంచాముక్కు పిట్ట మళ్ళీ కనబడలేదు. మొదటి ఏడు జోగారావు గారు వచ్చి ఈ బల్ల ముందే కథంతా విన్నారు. బైనాక్యులర్ మెళ్ళోంచి తీసి సంచిలో పెట్టుకుని పడవెక్కారు. మళ్ళీ రాలేదు.

నూకాలమ్మ నా పక్కనే, గుడ్డ నడుముకు చుట్టుకుని, బురద కేసి చూస్తూ కూర్చుంటుంది. నాతో మాట్లాడదు. నేను చెప్పేది వింటుందో లేదో కూడా తెలియదు. నాలుగేళ్ళుగా చెప్పీ చెప్పీ కథ నున్నబడింది. పిట్ట కంట్లో దిక్సూచి దగ్గర జనం ఆశ్చర్యపోతారు, భద్రుడి దగ్గర ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు, రేవులో నేను ఒప్పుకున్న దగ్గర ఎవరో ఒకరు నా భుజం తడతారు. నిజం ఒప్పుకోవడానికి చాలా ధైర్యం కావాలి సార్ అంటారు. నేను వినయంగా తల వంచుతాను.

నిన్న కూడా అలాగే అయింది. ఓ కుర్ర జంట నా భుజం తట్టి, బ్యాగులు సర్దుకుని లేవబోయారు. నూకాలమ్మ పిట్టల మీంచి చూపు తిప్పకుండానే అంది:

“కెమేరా ఇసయం సెప్పలేదు బాబుగారూ.”

వాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. చెప్పాను.